జక్కయ్య దరువు

మన తాతల తాతలు ఉగ్గుపాలు తాగే నాటి మాట ఇది. చెప్పినవాళ్లు పోయారు, మాట మిగిలింది. మిట్ట కింద ఒక పల్లె ఉండేది. పల్లె చివర ఒక గూడెం ఉండేది. గూడెం చివర ఒక గుడిసె ఉండేది. ఆ గుడిసెలో జక్కయ్య ఉండేవాడు.

జక్కయ్యకు పొలం లేదు, పాడి లేదు. ఒక డప్పు ఉంది. ఆ డప్పులో మూడు దరువులున్నాయి. ఒకటి జాతర దరువు. అది కొడితే కర్ర పట్టుకున్న ముసలాళ్లు కూడా కర్ర పారేసి చిందేసేవాళ్లు. ఒకటి పెళ్లి దరువు. అది కొడితే పెళ్లికూతురు వంచిన తల వంచినట్టే ఉంచి నవ్వేది. ఒకటి చావు దరువు. అది కొడితే పొలిమేర అవతల దున్నేవాడు కూడా నాగలి ఆపి, 'ఎవరో పోయార్రా' అని తలపాగా తీసేవాడు.

ఊరు పిలిస్తే వెళ్లేవాడు. గడ్డిమంట మీద తోలు బిగిసేదాకా డప్పు కాచేవాడు. మెడలో తగిలించుకునేవాడు. కొట్టేవాడు. అదీ అతని బతుకు.

ఆ రోజుల్లోనే గూడేనికి ప్రభువు మాట వచ్చింది. ఒక ఉపదేశి కాళ్లు దుమ్ముకొట్టుకుపోయి నడిచి వచ్చాడు. గూడెం నడుమ గోనెపట్టా మీద కూర్చుని యేసుప్రభువు సంగతి చెప్పాడు.

"మాలాంటోళ్ల గుడిసెలోకి దేవుడొస్తాడా అయ్యగారూ?" అని జక్కయ్య అడిగాడు.

"రావడమేంటి జక్కయ్యా, నీ పక్కన కూర్చుని నీ గిన్నెలోదే తింటాడు" అన్నాడు ఉపదేశి.

అంతే. జక్కయ్యా, అతని పెళ్లాం దీనమ్మా వాగులో మునిగి బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఆనాటి నుంచి జాతర దరువు మానేశాడు. మిగిలిన రెండూ ఉంచుకున్నాడు. ఏం జరిగినా ఒకటే మాట. జొన్నసంగటి దొరికితే "స్తోత్రం తండ్రీ." గంజి దొరికితే "స్తోత్రం తండ్రీ." ఏమీ దొరక్కపోతే కడుపునిండా నీళ్లు తాగి "స్తోత్రం తండ్రీ."

"ఒట్టి నీళ్లకి కూడా స్తోత్రమేందయ్యా?" అని దీనమ్మ నవ్వేది.

"వాగు ఎండలేదు గదా దీనా" అనేవాడు.

వాళ్లకు కొడుకు పుట్టాడు. పాకే ఈడులో గత్తర రోగం వచ్చి పోయాడు. గూడెంలో డప్పు కొట్టేది జక్కయ్య ఒక్కడే. తన బిడ్డకు తనే చావు దరువు కొట్టాడు. మళ్లీ కొడుకు పుట్టాడు. మాటలు నేర్చే ఈడులో మశూచి వచ్చి పోయాడు. మళ్లీ తనే కొట్టాడు.

ఆ రోజు దీనమ్మ అతని చేతిలోంచి పుల్లలు లాక్కుంది.

"ఏమయ్యా! రెండుసార్లు విన్నాను. నా బిడ్డ వెనకాల మూడోసారి ఆ దరువు నా చెవిన పడితే నేను బతకను. మాటియ్యి."

"ఇచ్చాను" అన్నాడు జక్కయ్య.

దీనమ్మ ఆ తర్వాత ప్రార్థనకు రాలేదు. ఆదివారం వస్తే అతనొక్కడే వెళ్లేవాడు. పాట పాడేటప్పుడు పక్కన ఖాళీ చోటు చూసుకునేవాడు. ఇంటికొచ్చి ఆమెను ఒక్క మాట అనేవాడు కాదు.

మూడో కానుపులో ఆడపిల్ల పుట్టింది. సాలమ్మ అని పేరు పెట్టారు. గత్తర వచ్చింది, పోయింది, సాలమ్మ మిగిలింది. మశూచి వచ్చింది, పోయింది, సాలమ్మ మిగిలింది. గలగలా మాట్లాడేది, ఎగిరెగిరి నడిచేది. నాయన డప్పు కాస్తుంటే చెవి ఒగ్గి విని, "ఇంకా కాగలేదు నాయనా, జలుబు చేసినట్టుంది" అనేది. ఆ పిల్ల నవ్వితే దీనమ్మ కూడా నవ్వేది.

పెళ్లీడు వచ్చింది. ఏటి అవతల ఊరి కుర్రాడితో మాట ఖాయమైంది. తెల్లచీర కొన్నారు. "నా పెళ్లికి పైవాళ్లెవరూ వద్దు. నువ్వే కొట్టాలి నాయనా" అంది సాలమ్మ.

"పిల్లనిచ్చేవాడు డప్పు కొడితే వియ్యంకులు నవ్వుతారే."

"నవ్వనీ! పెళ్లిలో నవ్వకపోతే ఇంకెప్పుడు నవ్వుతారు?" జక్కయ్య సరేనని మాటిచ్చాడు.

చీర పెట్టెలో ఉండగానే జ్వరం వచ్చింది. కషాయాలు పోశారు, తగ్గలేదు. ఉపదేశి వచ్చి మోకాళ్లూనాడు, తగ్గలేదు. ఒకరోజు పొద్దెక్కాక సాలమ్మ కళ్లు తెరిచింది. ఒళ్లు నిప్పులా ఉంది గానీ చూపు తేటగా ఉంది.

"నాయనా, పెళ్లి దరువు కొట్టవా? వింటాను."

జక్కయ్య డప్పు ఒళ్లో పెట్టుకున్నాడు. పుల్లలు తీసుకోలేదు. ఉత్త వేళ్లతో, ఉయ్యాల ఊపినట్టు మెల్లగా కొట్టాడు. జణ జణక, జణ జణక.

సాలమ్మ వింది. పెదాలు నవ్వాయి. "ఎవరో ఎదురొస్తున్నారు నాయనా. నా కోసమే వస్తున్నారు" అంది. ఆ నవ్వుతోనే పోయింది.

దీనమ్మ కేక పెట్టలేదు. ఏడవలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది.

ఈసారైనా తండ్రి చేత కొట్టించకూడదని పక్క ఊరి డప్పులవాళ్లు వచ్చారు. వాకిట్లో గడ్డిమంట వేశారు. డప్పులు కాచారు. ఒకడు సరిచూసుకోవడానికి చావు దరువు ఒక్క దెబ్బ కొట్టాడు. లోపల దీనమ్మ రెండు చెవులూ మూసుకుని నేలమీదికి ఒరిగిపోయింది.

జక్కయ్య లేచాడు. డప్పు మెడలో వేసుకుని వాకిట్లోకొచ్చాడు.

"తమ్ముళ్లూ, ఆపండి. నా బిడ్డకు నేను కొట్టుకుంటా."

కొట్టాడు. కొట్టింది చావు దరువు కాదు, పెళ్లి దరువు. జణ జణక, జణ జణక.

జనం బిత్తరపోయారు. "బిడ్డ శవం వాకిట్లో ఉంటే పెళ్లి దరువా? మతి పోయింది మనిషికి!" అన్నారు. ఉపదేశి కూడా గబగబా వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. "జక్కయ్యా, ఇది తగదు."

జక్కయ్య మొహమంతా కన్నీళ్లు. "అయ్యగారూ, మీరేగా చెప్పారు, ప్రభువు తనవాళ్లను తన ఇంటికి పిలుచుకుంటాడని. నిజమేనా?"

"నిజమే."

"నిజమైతే ఇది నా బిడ్డ సాగనంపు. పెళ్లికి కొడతానని దానికి మాటిచ్చాను. చావు దరువు వినిపించనని దీనమ్మకు మాటిచ్చాను. రెండు మాటలూ నిలబెట్టుకోనివ్వండి."

ఉపదేశి చెయ్యి వదిలేశాడు. లోపల్నుంచి దీనమ్మ పెట్టెలోని తెల్లచీర తెచ్చింది. బిడ్డ మీద కప్పింది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే డప్పు వెనకాల నడిచింది.

పాతిపెట్టి ఇంటికొచ్చారు. కొట్టేటప్పుడున్న బలం జక్కయ్యకు ఇంటికొచ్చాక లేదు. డప్పు చూరుకు తగిలించాడు. "స్తోత్రం" అని నోరు తెరిచేవాడు, "తండ్రీ" అనబోయి మధ్యలోనే ఆగిపోయేవాడు. అయినా పొద్దున్నే మళ్లీ నోరు తెరిచేవాడు. దీనమ్మ అదంతా చూస్తుండేది.

అలా ఒక వానకాలం గడిచింది. ఒకనాడు గుడిసె ముందు ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. మిట్ట మీద గొర్రెలు కాచుకునేవాళ్ల ఇంటిది, పేరు అంకమ్మ. ఆ కులపోళ్లు గూడెంలో అడుగు పెట్టడం అదే మొదలు. జుట్టు విరబోసుకుని ఉంది.

"అన్నా, మా పిల్లోడు పోయాడు. మా దేవుళ్లు వేరు. మీ ఇంటికి రావద్దన్నారు, వచ్చాను. నీ బిడ్డకి కొట్టిన దరువు నా బిడ్డకి కొడతావా? నీ బిడ్డకి ఎవరో ఎదురొచ్చారంట గదా, వాణ్ణి కూడా ఎవరన్నా ఎదురొచ్చి తీసుకుపోతారేమో."

 జక్కయ్య డప్పు వైపు చూశాడు గానీ లేవలేకపోయాడు.

లేచింది దీనమ్మ. చూరు నుంచి డప్పు తీసింది. వాకిట్లో గడ్డి పోగేసి మంట పెట్టింది. డప్పు కాచి, చెవి ఒగ్గి, వేలితో కొట్టి చూసుకుంది. "కాగిందయ్యా, పోదాం పద" అంది.

మిట్ట మీద జక్కయ్య దరువు కొట్టాడు. దీనమ్మ అంకమ్మను పొదివి పట్టుకుని కూర్చుంది.

"అక్కా, నీకెందరు బిడ్డలు?" అని అంకమ్మ అడిగింది.

"ముగ్గురు."

"ముగ్గుర్నీ తీసుకున్నాడా మీ దేవుడు?"

'తీసుకున్నాడు' అందామనే దీనమ్మ నోరు తెరిచింది. ఎన్నో ఏళ్లుగా మనసులో ఆ మాటే ఉంది. నోట్లోంచి మాత్రం ఇంకో మాట వచ్చింది. "ముగ్గుర్నీ ఇచ్చాడమ్మా. ఇచ్చాడు. ఇప్పుడు తన దగ్గరే ఉంచుకున్నాడు."

చెప్పి తనే ఉలిక్కిపడింది. తిరుగుదారిలో జొన్నచేల మధ్య ఉన్నట్టుండి ఆగి, "స్తోత్రం తండ్రీ" అంది. జక్కయ్య కాలిబాట మీద అట్టే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి నవ్వాడు. ఆదివారం పాటలో అతని పక్కన చోటు నిండింది.

ఆ తర్వాత ఎవరింట బిడ్డ పోయినా కబురు వచ్చేది. గూడెం అనలేదు, ఊరు అనలేదు, ఇద్దరూ వెళ్లేవాళ్లు. అతను కొట్టేవాడు, ఆమె తల్లి పక్కన కూర్చునేది. దుఃఖం పోయిందా అంటే పోలేదు. సాలమ్మ పేరు తలిస్తే ముసలితనంలో కూడా కళ్లు తడిసేవి. కానీ ఆ తడిలోనే నవ్వు ఉండేది. పుట్టెడు దుఃఖంలో ఉన్నవాళ్లు కూడా ఆ ఇద్దరి మొహాలు చూసి ఒక ముద్ద మింగేవాళ్లు.

కడకు జక్కయ్య కూడా పోయాడు. నిద్రలో, తేలిగ్గా. చుట్టుపక్కల డప్పులవాళ్లంతా వచ్చారు. ఎవరు మొదలుపెట్టాలా అని వాళ్లలో వాళ్లు గుసగుసలాడుతుంటే దీనమ్మ వచ్చి డప్పు మెడలో వేసుకుంది. ఆడది డప్పు ముట్టడం ఆనాటికి ఎవరూ ఎరగరు. ముసలి చేతులు. పుల్ల పట్టడం కూడా తెలియదు. మొదటి దెబ్బ అంచుకు తగిలి కీచుమంది. రెండోది జారింది. మూడోది మోగింది.

"స్తోత్రం తండ్రీ, నా మనిషినిచ్చావు" అంది దీనమ్మ. అప్పుడు డప్పులన్నీ అందుకున్నాయి. ఊరూ గూడెం కలిసి జక్కయ్యను పెళ్లికొడుకులా సాగనంపాయి.

ఇప్పటికీ ఆ మిట్ట కింద ఊళ్లలో ఎవరిని మట్టి చేయడానికి తీసుకెళ్లినా, సమాధుల మలుపు దగ్గర డప్పులు ఒక్కసారి ఆగుతాయి. అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు ముందుకొస్తాడు. ఎంత పనితనమున్నవాడైనా సరే, మొదటి దెబ్బ కావాలనే అంచున కీచుమనిపిస్తాడు. రెండో దెబ్బ జారవిడుస్తాడు. మూడోది మోగిస్తాడు. అక్కణ్ణుంచి పెళ్లి దరువే. దాన్ని జక్కయ్య దరువు అంటారు. తెలియని కుర్రాడెవడైనా మొదటి దెబ్బ నున్నగా కొడితే, వెనకనుంచి ముసలమ్మలు కేకేస్తారు: "ఒరే, అది దీనమ్మ దెబ్బరా! తప్పుగానే కొట్టు!"