మంత్రిగారి ముళ్ల మూట

ఎర్రగుట్ట అడవిలో యుద్ధం పదకొండు రోజులు సాగింది. అటు డెబ్బై రేచుకుక్కలు, ఇటు తొమ్మిది ముళ్లపందులు. ఇక అడవి దక్కదని తేలిపోయింది. ప్రాణాలైనా దక్కాలంటే కుందేళ్లనీ ఉడతల్నీ ముంగిసల్నీ సోమవాగు దాటించాలి. పై కొండల్లో వాన కురిసింది. మధ్యాహ్నానికి వాగు పొంగుతుంది. ఆ తర్వాత గేదెలూ ఈదలేవు, కుక్కలూ ఈదలేవు.

ముళ్లపందుల నాయకుడు గురవయ్య. ముళ్లపంది ఎలా పోరాడుతుందో తెలుసుగా? శత్రువుకి వీపు పెట్టి, ముళ్లు నిక్కబొడిచి, వెనక్కి వెనక్కి నడుస్తూ గుచ్చుతుంది. అందువల్ల పోరు సాగినంతసేపూ గురవయ్య మొహం తనవాళ్ల వైపే ఉంది. రేవులో వాళ్లు చేస్తున్న నిర్వాకమంతా కళ్లారా చూడాల్సి వచ్చింది. కుక్కలకన్నా అదే ఆయన్ని ఎక్కువ విసిగించింది.

గేదె పోలమ్మ, ఆమె చెల్లెళ్లు నలుగురూ వీపుల మీద జనాన్ని దాటిస్తున్నారు. కుందేళ్ల పెద్దదిక్కు చెవులవ్వ మాత్రం ఒడ్డున కదలకుండా నిలబడింది.

“ఎక్కు అవ్వా.”

“ఎక్కుతాను నాయనా. మా వియ్యపురాలిని తోక దగ్గర కూర్చోబెట్టారు. రేపు నాలుగు బొరియల్లో మా పరువేం కాను?”

“రేపు ఆ నాలుగు బొరియలూ కుక్కలవి. ఎక్కు.”

అంటూనే గురవయ్య నాలుగడుగులు వెనక్కి దూకాడు. వెనక కుయ్యోమని అరుపు. ఆ కుక్క మూతి నిండా ముళ్లు, గురవయ్య వీపు మీద మరికొంత ఖాళీ. గుచ్చిన ముల్లు ఊడి అక్కడే ఉండిపోతుంది. ఎన్నాళ్లని గుచ్చగలరు?

ఇక మంత్రి నక్క కామేశం. అవతల ఏర్పాట్లు చూడాలంటూ మొట్టమొదటి గేదె మీదే దాటేశాడు. పోతూ పోతూ రేవులో ఒక పెద్ద మూట వదిలి వెళ్లాడు. పదకొండు రోజులుగా నేల మీద రాలిన ముళ్లన్నీ ఏరించి కట్టించిన మూట అది. వీరుల గుర్తులట. అవతలి ఒడ్డున విజయోత్సవం చేసి అందరికీ చూపిస్తాడట.

పోలమ్మ తిరిగొచ్చింది. “అన్నా, మంత్రిగారు మూట పంపమన్నారు.”

“అవతల ఏం ఏర్పాట్లు చేశాడు?”

“నీడ చూసుకుని కూర్చున్నాడు.”

“ఆ మూట చోటులో నాలుగు కుందేళ్లు పడతాయి. రాదని చెప్పు.”

“చెప్పాను. కుందేళ్లు మళ్లీ పుడతాయి, ఇలాంటి ముళ్లు మళ్లీ దొరకవు అన్నాడు.”

గురవయ్య పళ్లు నూరుకున్నాడు. పోలమ్మ మరో మూడుసార్లు వెళ్లొచ్చింది, మూడుసార్లూ మూట కబురే తెచ్చింది. నాలుగోసారికి రేవు ఖాళీ అయింది. చెవులవ్వ కూడా ఎక్కింది, గొణుక్కుంటూనే.

మూతులు నాక్కోవడానికి కుక్కలు గుట్ట వెనక్కి తగ్గాయి. వాగు ఎర్రగా సుడులు తిరుగుతోంది.

“ఇంకొక్కసారే రాగలం. ఇక మీరే మిగిలారు,” అంది పోలమ్మ. “కానీ అన్నా, ఏమనుకోకు. ఆ ముళ్లతో మా వీపులెక్కితే నడివాగులోనే అందరం మునుగుతాం.”

నిజమే. పైగా వీళ్లు రేవు వదలడం కుక్కలు చూశాయంటే నీళ్లలోనే అందుకుంటాయి. ఈ సంగతి గురవయ్యకి పొద్దున్నే తెలుసు. అడిగినవాళ్లు లేరు గనక చెప్పలేదు. ఒళ్లు మండి మంత్రిగారి మూటని వాగులోకి తన్నబోయాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది.

“మూట విప్పండి,” అన్నాడు.

రెల్లుగడ్డి చాటున బురదలో ముళ్లన్నీ తొమ్మిది కుప్పలుగా గుచ్చారు, మొనలు గుట్ట వైపుకి వాల్చి.

“ఇప్పుడు వీపు మీద మిగిలినవి కూడా పీకేయండి.”

ఒక సైనికుడు బిక్కమొహం వేశాడు. “ముళ్లు లేని ముళ్లపందిని ఎవరు లెక్కచేస్తారు నాయకా?”

“ముళ్లు మళ్లీ మొలుస్తాయి. నువ్వు మొలవవు. పీకు.”

కుక్కలు తిరిగొచ్చేసరికి గడ్డిలో తొమ్మిది వీపులు నిక్కబొడుచుకుని కనిపించాయి. ముళ్లపంది ఎలాగూ మొహం చూపించదు.

“ఎవరూ ముందుకి వెళ్లకండి,” అన్నాడు కుక్కల పెద్ద బూడిదమూతి. “ఎంతసేపని అలా నిలబడతారు? అలిసిపోనివ్వండి.”

కూర్చున్నాయి. ఎండ నడినెత్తికెక్కేదాకా కూర్చున్నాయి. చివరికి బూడిదమూతి తెగించి ఒక వీపుని పంజాతో తట్టాడు. ముళ్లు పక్కకి ఒరిగాయి. కింద ఒట్టి బురద. తలెత్తి చూస్తే వాగు ఒడ్డులు దాటి పారుతోంది.

అవతలి ఒడ్డున కామేశం అప్పటికే బండరాయెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు. “శత్రువుని చావుదెబ్బ కొట్టాం. ఇది మన మహావిజయం.” అంతలో బోడి వీపుతో నీళ్లు కారుతూ వచ్చిన గురవయ్య కనిపించాడు. “మూటేదయ్యా?”

“అవతల కాపలా కాస్తోంది.”

“నా విజయోత్సవం ఏం కావాలి? ఏం చూపించను?”

గురవయ్య వాగు అవతలికి చూశాడు. తను పుట్టిన పొద కనిపిస్తోంది. దాని ముందు కుక్కలు తిరుగుతున్నాయి. “మన అడవి వాళ్ల చేతుల్లో ఉంది. గెలిచామని నీకెవరు చెప్పారు?”

“ఇక్కణ్ణుంచి నాకు అలాగే కనిపించింది,” అన్నాడు కామేశం.

వెనక్కి తిరిగి ఒక్క పోటు పొడుద్దామనుకున్నాడు గురవయ్య. ఒక్క ముల్లు లేదు. ఇసకలో కూలబడి వణికాడు. చెవులవ్వ లేచి వచ్చి, తనకి చోటు ఎక్కడని అడక్కుండా, ఆయన బోడి వీపుని ఆనుకుని కూర్చుంది.

నీతి: యుద్ధం సంగతి తెలుసుకోవాలంటే, అందరికన్నా ముందు ఒడ్డు దాటినవాణ్ణి మాత్రం అడక్కండి.