తిట్టు తప్పిన ఇల్లు

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పే అలవాటు కొండకింది మఠంలో నాగలింగస్వామికి లేదు. అడిగినవాణ్ణే ఏదో ఒక పని మీద పంపేవాడు. "చెప్పి చెప్పి అలిసిపోయినా. ఇంక మీ కాళ్ళే మీకు చెప్పల్ల" అనేవాడు.

ఆ ఏడు జాతరకు ముందురోజు ఓబులేసు ఆయన ఎదుట చతికిలబడ్డాడు. మారెమ్మ జాతరలో ఒళ్ళంతా బొగ్గుమసి పూసుకుని, నడుముకు వేపమండలు చుట్టుకుని, గడపగడపకీ పోయి ఇంటివాళ్ళను బూతులు తిట్టే వంతు అతని వంశానిది. తిట్టు పడిన ఇంటికి ఏడాదిపాటు దిష్టి తగలదని ఊరి నమ్మకం. తిట్టించుకున్నవాళ్ళు సంతోషంగా అతని నెత్తిన పసుపునీళ్ళు పోస్తారు. అయితే పాత తిట్లు చెల్లవు, ఏటికేడు కొత్తవి పుట్టించాలి. ఒకసారి మునసబును "ఉడకని ఉలవల కడుపోడా, పిత్తుల పల్లకీ!" అన్నాడు. ఆ పెద్దమనిషి దాన్ని బిరుదులా చెప్పుకుని మురిసిపోయాడు. కానీ మఠంలో చేరి శివనామం పట్టినప్పటి నుంచి ఓబులేసుకు తన నోరంటే తనకే రోత పుట్టింది.

"సామీ, పొద్దున శివా అన్న నోటితో మాపటికి ముడ్డీ మూతీ అనల్లంటే సిగ్గుగా ఉండాది. విసుగొచ్చింది. మానేద్దునా?"

"ఈ ఏడు పో. నీ మనసొప్పని గడప కాడ తిట్టొద్దు" అన్నాడు స్వామి కళ్ళు తెరవకుండానే.

ఓబులేసు వెళ్ళాడు. పై వీధిలో ఎవరినో "ముడ్డి మీద మొలిచిన ముల్లంగీ" అంటే కుర్రాళ్ళు ఈలలేశారు. అతనికి మాత్రం నవ్వు రాలేదు. ఈ గొడవ ఎప్పుడు ముగుస్తుందా అనే ఉంది.

వీధి చివర సుంకులమ్మ ఇల్లు. ఆమె ఒక్కగానొక్క కొడుకు మొన్న వేసవిలో పాముకాటుకు పోయాడు. వాకిలి కడిగి, పసుపునీళ్ళ చెంబు పట్టుకుని ఆమె గడపలో నిలబడి ఉంది. స్వామి చెప్పిన గడప ఇదే అనుకున్నాడు ఓబులేసు. వెంట వస్తున్న డప్పు ఆపించి, తల వంచుకుని దండం పెట్టి, ముందుకు నడిచాడు. పొద్దుటి నుంచీ చేసిన వాటిలో ఇదొక్కటే మంచిపని అనిపించి మనసు తేలికపడింది కూడా.

"ఏరా ఓబులేసూ, నా ఇల్లు కనపళ్ళేదా?"

అతను వెనక్కి తిరిగాడు. "అది కాదత్తా. నీ ఇంట్లో కష్టం..."

"సచ్చింది నా కొడుకు. నేనింకా ఈ ఊర్లోనే ఉండా గదరా." ఆమె చెంబు పట్టుకునే గడప దిగింది. "బాయి కాడికి పోతే మాటలాపుతారు. దోవలో ఎదురొస్తే పక్కకు తప్పుకుంటారు. నాతో కొట్లాటకు గూడా ఎవరూ రారు. నువ్వన్నా తిడతావని పొద్దున్నుంచి కాసుకోనుండా. నువ్వు గూడా శవానికి పెట్టినట్టు దండం పెట్టి పోతాండావా?"

ఓబులేసు సిగ్గుతో చితికిపోయాడు. తల ఎత్తకుండానే, "గుగ్గిళ్ళు మెక్కి గుర్రుపెట్టే గుమ్మడికాయా!" అన్నాడు.

"అది పోయినేడుది. కొత్తది తిట్టు."

అప్పుడతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చిక్కిపోయింది, తల దువ్వుకుని ఎన్నాళ్ళయిందో. అతనికి ఏడుపొచ్చింది. ఏడుపు మింగి ఎలుగెత్తాడు.

"మూలన కూచోని ముడ్డితో పీటనరగదీసే మొద్దా! నీ పిర్రలు మోయలేక గోడ గూడా పక్కింటికి కాపరం పోతాంది! లెయ్యే!"

వెంటనే పక్కింటి అరుగు మీది నుంచి, "ఆ గోడను నేను సాకలేనమ్మా, నువ్వే పెట్టుకో!" అని పొరుగామె కేకేసింది. ఆ వేసవి తర్వాత ఆమె సుంకులమ్మతో గట్టిగా ఆడిన మొదటి మాట అది. సుంకులమ్మ పకపకా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, చెంబెడు నీళ్ళూ ఓబులేసు నెత్తిన కుమ్మరించింది.

మసీ పసుపూ కారుతుండగానే అతను మఠానికి వచ్చి జరిగిందంతా చెప్పాడు. "నేను చేసింది తప్పా ఒప్పా సామీ?" అన్నాడు.



"తిట్టేటప్పుడు మనిషి మొగం చూసి తిట్టినావు" అన్నాడు స్వామి, అలసిన గొంతుతో. "దండం పెట్టేటప్పుడు గూడా చూడు నాయనా."