దేముడమ్మ పిడికెడు

అనగనగా, సముద్రం ఇప్పటికంటే ఒక కేక దూరం అవతల ఉండే రోజుల్లో, ఇసకరేవు అని ఒక ఊరుండేది. పేరుకే రేవు గానీ ఓడ ఒడ్డుకి రాలేదు, లోతు చాలదు. ఓడ దూరంగా లంగరేసుకుని కూర్చుంటే, మనవాళ్ళే పడవలేసుకుని వెళ్ళి బస్తాలు దింపుకొచ్చేవారు. అలల మీద బస్తాలు మొయ్యడమంటే మాటలా? నడుములు విరిగేవి.

ఆ పడవలవాళ్ళకి ఒడ్డున గంజి కాచేది దేముడమ్మ. మనిషి పొట్టి, నోరు పెద్దది. ఆవిడ కుండకి అత్తగారి నాటి కట్టుబాటొకటుండేది. దిగిన ప్రతి బస్తాలోంచీ ఒక పిడికెడు కుండలో పడాలి. ఉడికాక, సరుకు తెచ్చినవాడే మొదటి ముద్ద తినాలి. ఆ తర్వాతే పడవలవాళ్ళు తింటారు. బియ్యమైతే గంజి, పెసలైతే పప్పు, రెండూ వస్తే పులగం. ఉప్పు బస్తాలొస్తే ఏం చేసేదని అడగబోతున్నారు కదూ? ఆ రోజు చిటికెడే.

ఆవిడ మొగుడు ఎర్రయ్య. వెనక తెడ్డు పట్టి పడవని అల దాటించడంలో ఆ తీరంలో అతన్ని మించినవాడు లేడు. ఆవిడకి అదే గొప్ప, అదే బంగారం.

ఒకనాడు తూర్పు నుంచి ఒక ఓడొచ్చింది. దాని షావుకారుది మల్లెపువ్వులాంటి పంచె, తియ్యటి మాట. "బస్తాకో పిడికెడెందుకమ్మా? అన్నీ విప్పడం, మళ్ళీ కుట్టడం. ఓ బస్తా మొత్తం తీసుకో" అన్నాడు. పిడికెడు అడిగితే బస్తా ఇస్తానంటే కాదనేవాడెవడు? ఊరు సంబరపడింది. దేముడమ్మా సంబరపడింది. ఓడ వెళ్ళింది.

రెండోసారి ఓడొచ్చింది. రెండు బస్తాలిచ్చాడు. అందరూ కడుపునిండా తిన్నారు. ఓడ వెళ్ళింది.

ఓడ వెళ్ళాక ఊళ్ళో నిద్ర ఎక్కువైంది. నడుంనొప్పికి మంచిదని షావుకారు మనుషులు పడవలవాళ్ళకి నల్లటి ఉండలు పంచి వెళ్ళారు మరి. ఉండ మింగితే మొదట నొప్పి పోయింది. తర్వాత ఆకలి పోయింది. ఆ తర్వాత సిగ్గు పోయింది. ఒకరోజు పట్టపగలు ఎర్రయ్య తెడ్డు పట్టుకునే కునికాడు. పడవ బోర్లాపడింది. ప్రాణాలు దక్కాయి, అంతే. దేముడమ్మ అతన్ని ఇసకలో కూర్చోబెట్టి తల తుడుస్తూ ఏడ్చింది. అతనికి చీమ కుట్టినట్టైనా లేదు.

"మావా, ఆ ఉండలు ఎక్కడివి?"

"ఓడలోవే. మళ్ళీ రానీ ఓడ" అన్నాడు ఎర్రయ్య, కళ్ళు తెరవకుండానే.

ఓడలో వచ్చేవి బియ్యం బస్తాలే. ఆ బస్తాల్లో తను ఒక్కసారైనా చెయ్యి పెట్టిందా? "ఓలమ్మో, బస్తాకి ఆశపడి పిడికెడు ఒగ్గీసినాను" అని నెత్తి కొట్టుకుంది.

మూడోసారి ఓడొచ్చింది. షావుకారు మూడు బస్తాలు పక్కన పెట్టించాడు.

"నాకొద్దు బాబూ. బస్తాకో పిడికెడు చాలు."

"ముక్కుకి బంగారు నత్తు చేయిస్తాను."

"నా ముక్కుకి గంజి వాసన చాలు. బస్తాకో పిడికెడు."

షావుకారు మాటలో తీపి తగ్గింది. "ఎర్రయ్యా, నీ పెళ్ళానికి చెప్పుకో. లేదంటే నీకిక ఉండ లేదు" అన్నాడు.

ఎర్రయ్య ఆవిడ దగ్గరికి వచ్చాడు. "ఒగ్గీయే దేముడూ. నీ కాళ్ళట్టుకుంటాను." ఏ అలకీ భయపడని మనిషి అలా అడుగుతుంటే ఆవిడ గుండె తరుక్కుపోయింది. "ఇది మీ అమ్మ పెట్టిన కట్టుబాటు మావా. నానొగ్గను" అంది.

మొదటి బస్తా విప్పింది. బియ్యం. రెండో బస్తా విప్పింది. బియ్యం. మూడో బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. పిడికిట్లో నల్లటి ముద్దొకటి వచ్చింది. అందరూ చూస్తుండగానే కుండలో పడేసింది.

"చింతపండు. మావాళ్ళు కూరకి దాచుకునుంటారు" అన్నాడు షావుకారు.

"ఇంకేం మరి, గంజికి పులుపు తగిలింది." దేముడమ్మ గరిటెతో తిప్పి తిప్పి, ఆకుదొప్పలో పోసి చాపింది. "మొదటి ముద్ద మీదే బాబూ."

"ఆకలి లేదు."

"ఒక్క గుక్క."

"ఇవాళ ఉపవాసం."

"పొద్దున్నే పీతల కూర తిన్న ఉపవాసమేటి బాబూ?" అన్నాడొక పడవవాడు. షావుకారు మొహం మాడిపోయింది. "అయితే ఎర్రయ్యకే ఇవ్వు. చింతపండో కాదో తాగి అతనే చెప్తాడు" అన్నాడు.

ఎర్రయ్య దొప్ప అందుకున్నాడు. వాసనకే నోరూరింది. చింతపండే అని ఒక్క మాటంటే బతికినన్నాళ్ళూ ఉండలకి లోటుండదు. తాగితే ఆ బతుకే ఉండకపోవచ్చు. దేముడమ్మ వద్దనలేదు. అప్పటికి ఎన్నిసార్లు వద్దందో, అతనెన్నిసార్లు విన్లేదో ఆవిడకే తెలుసు. చూస్తూ నిలబడింది.

ఎర్రయ్య దొప్పని ఇసకలో ఒంపేశాడు.

"నల్లమందు. నన్ను తినీసింది ఇదే. దీన్ని నాను తినను" అన్నాడు.

ఇక చూడాలి. ఓడ లంగరెత్తేలోపే పడవలన్నీ చుట్టుముట్టాయి. అడుగు బస్తా దాకా విప్పించారు. షావుకారునీ వాడి మనుషుల్నీ రేవు కొత్వాలుకి అప్పగించారు. ముద్దలన్నీ నడిసముద్రంలో కలిపేశారు. ఆ వారమంతా చేపలు కూడా కునుకుతూనే ఈదాయని మా తాత అనేవాడు. ఆయన మాటలు సగమే నమ్మాలనుకోండి.

ఎర్రయ్య బాగుపడటం తేలిగ్గా ఏం జరగలేదు. వణికాడు, తిట్టాడు, ఏడ్చాడు. దేముడమ్మ గంజి పట్టింది, తిట్లు పడింది, తిరిగి తిట్టింది. వానలు వెలిసేసరికి మళ్ళీ తెడ్డు పట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ చల్లగా బతికారు, పోట్లాడుకుంటూనే.

ఆవిడ ముసలిదై కన్నుమూసిన నాడు ఊళ్ళో ప్రతి గడప నుంచీ ఒక పిడికెడు బియ్యం ఆ కుండలోకి వచ్చింది. గంజి ఉడికింది. ఎవరూ ముట్టలేదు. చివరికి ఎర్రయ్య కళ్ళు తుడుచుకుని వచ్చి మొదటి ముద్ద తిన్నాడు. అప్పుడు ఊరంతా తింది.

ఇప్పుడు ఓడలు కొండలంత. బస్తాలు పోయి ఇనప పెట్టెలొచ్చాయి. అయినా ఆ తీరంలో పెట్టె తలుపు తీసి లోపల వెతికే మనిషి వస్తే, "దేముడమ్మొచ్చింది, లెగండర్రా" అని కూలీలు దారిస్తారు. ఎవడైనా అడిగినదానికంటే ఎక్కువ ఇస్తానని తియ్యగా మాట్లాడితే, ఇంట్లో ముసలమ్మలు ఇవాళ్టికీ ఒకటే మాట అడుగుతారు.

"బస్తా ఇస్తన్నాడు సరే, చెయ్యెట్టి చూసినావా?"