ఇప్పచెట్టుకు కట్టిన తాడు

పొద్దున ఎనిమిది దాటింది. మబ్బు లేదు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పడమటి గాలికి ఎండుటాకులు గలగలమంటున్నాయి.

మా గూడేలన్నీ కలిసి పెట్టుకున్న భూమి హక్కుల, అడవి సంరక్షణ ఆఫీసును నడిపేది పాయం లచ్చక్క. వానలు పడ్డాక ఆ కుర్చీలో కూర్చోవలసింది నా బిడ్డ భారతి. అందుకని ఆమె దగ్గరే పని నేర్చుకుంటోంది. లచ్చక్కకు ఒక అలవాటుంది. ఏదైనా అడిగితే జవాబు చెప్పదు. "చూద్దాం పా" అంటుంది. తర్వాత ఎప్పుడో ఏదో జరుగుతుంది. అప్పుడు అడిగినవాళ్ల వైపు ఒకసారి చూస్తుంది, అంతే.

ఆ పొద్దున భారతి అడిగింది. "అక్కా, మనవాళ్లే కట్టుబాటు తప్పితే బయటికి చెప్పాలా, కప్పెట్టాలా? పులిమడుగు గుట్ట మన చేతికొచ్చింది మొన్ననే. మనకు చేతకాదని లాక్కోవడానికి ఫారెస్టువాళ్లు కాచుకుని కూర్చున్నారు."

"చూద్దాం పా" అంటూ లచ్చక్క నా చేతిలోని టీ గ్లాసు అందుకుంది. తాగనే లేదు. పులిమడుగు గుట్ట మీద పొగ లేచింది.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టడం మాకు పాత అలవాటు. నేల నల్లబడితే పువ్వు తెల్లగా కనబడుతుంది, ఏరడం సులువు. గుట్ట చేతికొచ్చాక గ్రామసభ ఆ పని మానిపించింది. ఆకులు ఊడ్చి ఏరుకోవాలి. నిప్పు పెట్టినవాడి చెట్టు ఆ ఏటికి మూత. మాలో ప్రతి ఇప్పచెట్టూ ఒక ఇంటిది. మూసిన చెట్టుకు అడ్డతీగ నారతో పేనిన తాడు కడతారు. కట్టిన చెయ్యే దాన్ని విప్పాలి. అప్పటిదాకా ఆ ఇంటివాళ్లు కూడా ఒక్క పువ్వు ముట్టరు.

భారతీ, ఆమె జట్టు పిల్లలు జానకి, గంగ, దూలయ్య ముందు పరుగెత్తారు. లచ్చక్క, నేను బిందెలతో వెనక. వాళ్లు పచ్చికొమ్మలు విరిచి మంటను కొడుతున్నారు. అంతలో గాలి మళ్లింది. పొగ అడ్డం పడి నా బిడ్డ కనబడలేదు. అప్పుడు నేను ఎవరెవర్ని తిట్టానో ఇక్కడ రాయను.

మంట ఆరింది. మొదలైన చోటు వెతుక్కుంటూ పోతే ఒక ఇప్పచెట్టు, సగం నిండిన బుట్ట, దాని పక్కన కనుబొమలు కాలిన మనిషి. మాసయ్య. లచ్చక్కకు సొంత తమ్ముడు. చెట్టు ఆమె పుట్టింటిది. అందులో ఆమెకూ వాటా ఉంది. వానాకాలంలో ఆ ఇంటికి ఆ పువ్వే ఆసరా.

"ఆకుల్ల పువ్వు కనబడకపాయె అక్కా. మన అయ్య ఇట్లనే చేసేటోడు."

"పువ్వు కనబడలె. ఈ పిల్లలు గూడ కనబడలేదా?" అంది లచ్చక్క.

నేను ఊరుకోలేకపోయాను. "చీపురు బరువైందా మాసన్నా? అగ్గిపెట్టె తేలికైందా?"

మాసయ్య తల ఎత్తలేదు. భారతి లచ్చక్కను పక్కకు లాగింది. "అక్కా, కింద ఫారెస్టు రేంజర్ సారు జీపు ఆగింది. గుట్ట కింద రోడ్డు పనివాళ్లు బీడీ పారేశారని చెబుదాం. వాళ్లు చేసిన వాటి ముందు ఇదొక లెక్కా! మనవాడని తెలిస్తే గుట్ట పోయినట్టే."

లచ్చక్క కాలకుండా మిగిలిన అడ్డతీగను నరికి, నార తీసి పేనింది. బుట్టలో పువ్వంతా చెట్టు మొదట్లో గుమ్మరించి, తాడు చుట్టి ముడి బిగించింది.

రేంజర్ సారు మెడ తుడుచుకుంటూ ఎక్కి వచ్చాడు. "ఎవరు పెట్టారమ్మా నిప్పు?"

"నా తమ్ముడు."

భారతి కళ్లు మూసుకుంది. సారు నవ్వాడు. "ముందే చెప్పాంగా, మీ వల్ల కాదని."

"చెట్టు మూసినం సారూ. ఈ ఏడు మా ఇంటికి పువ్వు లేదు." లచ్చక్క గొంతు పెంచలేదు. "పోయినేడు రోడ్డు పేరు జెప్పి గుట్ట కింద టేకంతా నరికిరి. ఎవరు నరికిర్రని మిమ్ముల అడిగితిమి. ఆ నరికినోడు ఎవరి తమ్ముడో మీరు ఇంతవరకు చెప్పకపోతిరి."

సారు నవ్వు ఆగింది. ఏదో ఒకటి చేయాలన్నట్టు తాడు వైపు చెయ్యి చాపాడు. అంతదాకా నేల చూస్తున్న మాసయ్య లేచి అడ్డం నిలబడ్డాడు.

"ముట్టకు సారూ. అది మా అక్క ఇప్పాలె."

సారు అతన్ని చూశాడు, తాడును చూశాడు. చెయ్యి జేబులో పెట్టుకుని దిగిపోయాడు.

తిరిగి వస్తుంటే భారతి ఉండబట్టలేకపోయింది. "ఆయన ఊరుకోడు అక్కా. పైకి రాస్తాడు. అప్పుడు?"

లచ్చక్క అడుగు ఆపింది. నా బిడ్డ వైపు చూసింది. "తాడు ముట్టబోయిన చెయ్యి ఆయన ఎక్కడ పెట్టుకున్నడో చూస్తివా?" అని మళ్లీ నడిచింది.

నేను గూడెం మొదట్లో నిలబడి, తిరిగొచ్చినవాళ్లను లెక్కిస్తూ వేళ్లు మడిచాను. జానకి. గంగ, అరచేతుల్లో బొబ్బలతో. దూలయ్య. లచ్చక్క. భారతి, ఒళ్లంతా బూడిద. రవ్వలు ఆరేదాకా ఉంటానని మాసయ్య గుట్ట మీదే ఆగాడు. పొద్దు వాలుతుండగా ఖాళీ బుట్టతో దిగి వచ్చాడు. నా కోపం తగ్గలేదు. అయినా అతని కోసం ఇంకో వేలు మడిచాను.