గొంగళయ్య కళ్ళలో పసుపు

అనగనగా, కొండలు ఒకదాన్నొకటి పేరుపెట్టి పిలుచుకునే కాలంలో, గోదారి ఒడ్డున ఒక ఎలుగుబంటి దంపతులుండేవారు. మొగుడు గొంగళయ్య. పెళ్ళాం బొంతమ్మ. నవ్వకండర్రా, ఆ బొచ్చు చూసి వాళ్ళ తల్లులు ముద్దుగా పెట్టుకున్న పేర్లవి! బొంతమ్మ వీపు మీద ఎప్పుడూ ఇద్దరు పసికూనలు వేలాడుతుండేవారు.

గొంగళయ్య గుహ ముందు నుంచి పెద్దపులి సైతం తల దించుకుని తప్పుకుపోయేది. ఆ నరసింహస్వామి ఇచ్చిన బలం అది. ఇచ్చినవాడు ఆయన, పాడుచేసుకున్నవాడు ఇతను.

ఎలాగంటారా? వేసవి వస్తే ఇప్పపూలు రాలి బండగుంటల్లో పడతాయి. పడి, ఊరి, పులిసి సారా అవుతాయి. పొద్దు వాలేసరికి గొంగళయ్య మూతి ఆ గుంటలో ఉండేది. తెల్లవారితే తల దిమ్మెక్కిందని తేనెపట్టు పీకేవాడు. దాని మీద పనసతొనలు. అదీ చాలక పల్లెలో బెల్లం వండే పాక మీద పడి బెల్లపు ముద్దలు ఎత్తుకొచ్చేవాడు.

"ఇదేం తిండయ్యా, ఇదేం తాగుడయ్యా?" అని బొంతమ్మ అడిగితే, "పిచ్చిదానా! తాగింది దిగడానికి తింటున్నాను. తిన్నది అరగడానికి తాగుతున్నాను. దానికి ఇదీ, దీనికి అదీ విరుగుడు!" అని పొట్ట నిమురుకునేవాడు.

మాట వినసొంపుగానే ఉంది. కానీ బొంతమ్మకి కంటి మీద కునుకు లేదు. మొగుడి పొట్ట ముందుకొస్తోంది, కాళ్ళు పుల్లలవుతున్నాయి. చెట్టెక్కబోతే సగంలోనే ఆయాసం. ఒకనాడు ఎండపొడలో ఆమె అతని కళ్ళు చూసింది. తెల్లగుడ్డంతా పసుపు పూసినట్టుంది!

"స్వామీ, పిల్లలింకా నా వీపు దిగలేదు" అనుకుంటూ, వేళ్ళు తవ్వి మందులిచ్చే ముళ్ళపంది ఆచారి దగ్గరికి పరుగెత్తింది.

ఆచారి అంతా విని, ముళ్ళు ముడుచుకుని అన్నాడు. "అమ్మా, కుడి పక్కటెముకల కింద కాలేయమని ఒకటుంది. నువ్వు పిల్లల్ని మోసినట్టు అది ఒంటి బరువంతా మోస్తుంది. అతిగా తింటే దానికి కొవ్వు పడుతుంది. సారా తాగితే కాలుతుంది. కొవ్వు పట్టినదాని మీద సారా కూడా పోస్తే నెయ్యి మీద నిప్పే, తల్లీ! పాపం, అది నొప్పి అని ఏడవదు. ఏడ్చేసరికి పొద్దుపోతుంది."

"మందు లేదా, ఆచారిగారూ?"

"వేరు ఇస్తాను. కానీ రెండూ మానకపోతే నా వేరు వట్టి కట్టెపుల్ల."

బొంతమ్మ వేరు తీసుకొచ్చి చెప్పింది. గొంగళయ్య భయపడ్డాడు. "కొండదేవర ఆన, సారా ముట్టను!" అన్నాడు. ముట్టలేదు కూడా. కానీ ఊరికే ఉండలేక తేనె రెండింతలు, బెల్లం మూడింతలు చేశాడు. పసుపు తగ్గలేదు.

"అయితే తీపి మానేస్తాను, చూడు!" అన్నాడు. మానేశాడు కూడా. మానేసి, ఖాళీ కడుపుతో మళ్ళీ గుంటలో మూతి పెట్టాడు. ఒక సాయంత్రం ఆ బండ మీదే కూలబడిపోయాడు.

సరిగ్గా అప్పుడే పెద్దపులి వచ్చింది. ఈసారి తల దించలేదు. పడి ఉన్న గొంగళయ్యని చూసింది. తర్వాత బొంతమ్మ వీపు మీది కూనల్ని చూసింది. బొంతమ్మ రెండు కాళ్ళ మీద లేచి, కొండ అదిరేలా గాండ్రించింది. పులి వెళ్ళింది. కానీ మెల్లగా, వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది.

తెలివొచ్చాక గొంగళయ్య గొణిగాడు. "పోనీ... సగం సారా, సగం తేనె. న్యాయమే కదే?"

"పులితో కూడా ఇలాగే బేరమాడతావా? ఒక పిల్ల దానికి, ఒక పిల్ల మనకా?"

గొంగళయ్య కూనల వైపు చూశాడు. బొంతమ్మ లేచింది.

"నేను ఏరు దాటి అవతలి కొండకి పోతున్నాను. అక్కడ ఇప్పచెట్టు లేదు, బెల్లం పాక లేదు. రేగుపళ్ళూ, దుంపలూ, చెదపుట్టలూ, ఏటినీళ్ళూ ఉన్నాయి. వస్తే రా. రాకపోతే ఆ గుంటకే కాపలా ఉండు."

అని నడిచింది. తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయం. చెవులు మాత్రం వెనక్కే ఉన్నాయి. గాలి. ఎండుటాకులు. ఇంకే చప్పుడూ లేదు. పాదాలకి నీళ్ళు తగిలాయి. "నారసింహా!" అని కళ్ళు మూసుకుంది.

వెనక ఒక రాయి దొర్లింది. ఇంకొకటి దొర్లింది.

"కాస్త మెల్లగా నడవవే... నాకు ఆయాసంగా ఉంది" అన్నది ఒక గొంతు.

బొంతమ్మ అడుగు తగ్గించింది.

ఆచారి వేరూ, చప్పిడి తిండీ, ఏటినీళ్ళూ కలిసి పనిచేశాయి. వానలు వచ్చి, వెళ్ళి, చలి ముదిరాక గాని ఆ కళ్ళు తెల్లబడలేదు. వెనకటి బలం పూర్తిగా రానేలేదు. అయినా పిల్లలు మొదటిసారి చెట్టెక్కిన రోజున, కింద నిలబడి "జాగ్రత్తర్రా!" అని అరవడానికి తండ్రి ఉన్నాడు.

విన్నారా నాయనా? అతితిండీ తాగుడూ తోడుదొంగలు. ఒకణ్ణి తరిమి ఇంకొకణ్ణి ఇంట్లో పడుకోబెట్టుకుంటే, ఇల్లు దక్కదు.