బల్లి మింగిన మాటలు

ఒకప్పుడు బల్లికి మనకున్నన్ని మాటలూ ఉండేవి. కొన్ని ఎక్కువే. గోడ మీద కూర్చుని ఇంట్లో జరిగేదంతా చెబుతూ ఉండేది.

"పైడి వదినా, పాలు పొంగుతున్నాయి. నీ కోడిపెట్ట పక్కింట్లో గుడ్డు పెట్టింది. మీ ఆయన మళ్ళీ చుట్ట దాచాడు."

"నీది నోరా, చెరువు తూమా?" అని కుమ్మరి పైడమ్మ నవ్వేది. నవ్వినా, దాని మాట నమ్మేది. బల్లి ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

ఆ వేసవిలో పైడమ్మ, ఆమె భర్త గవరయ్య నెల రోజులు కష్టపడి కుండలు చేశారు. ఎదురింటి సీతాలు పెళ్ళికి కావలసిన ఐరేని కుండలు కూడా వాటిలోనే ఉన్నాయి. అన్నీ వాకిట్లో ఆరుతున్నాయి. ఇక కాల్చాలంటే చితుకులు కావాలి.

"మేం తోటలోకి వెళ్ళొస్తాం. మబ్బు పడితే కేకెయ్యి. పచ్చికుండ వానకి ఆగదు" అంది పైడమ్మ.

"నేనుండగా నీకు భయమేంటి వదినా? వెళ్ళిరా."

సాయంత్రం ఉత్తరాన మబ్బు లేచింది. బల్లి చూసింది. పిలవడానికి నోరు తెరిచింది. అంతలో పుట్టలోంచి ఉసిళ్ళు లేచాయి. వందలు, వేలు. ఏడాదికొకసారి దొరికే విందు.

'ఒక్కటి తిని పిలుస్తాను' అనుకుంది. తర్వాత ఇంకొక్కటి. చినుకు పడేసరికి నోటినిండా ఉసిళ్ళే. మాట పెగల్లేదు. గాభరాగా గుటక వేసింది. ఉసిళ్ళతోపాటు నోట్లో ఉన్న మాటలూ దిగిపోయాయి.

వాళ్ళిద్దరూ పరుగున వచ్చేసరికి వాకిట్లో కుండలు లేవు. బురద ఉంది.

"బల్లి పిలవలేదేం?" అన్నాడు గవరయ్య.

"పిలిచే ఉంటుంది. ఈ వాన హోరులో మనకే వినపడలేదు" అంది పైడమ్మ.

బల్లికి ఆ మాట గుచ్చుకుంది. 'లేదు వదినా, నేను పిలవలేదు' అని చెప్పబోయింది. "చ్చ్" అని మాత్రమే వచ్చింది.

"చూడు, పాపం, అదీ బాధపడుతోంది" అంటూ పైడమ్మ వంగి బురద ఎత్తడం మొదలుపెట్టింది.

సీతాలు పెళ్ళికి కుండలు పొరుగూరి నుంచి వచ్చాయి.

అప్పటినుంచే బల్లికి ఆ ఒక్క ముక్క మిగిలింది. ఆకలేసినా అదే, తోడును పిలిచినా అదే, మబ్బు పట్టినా అదే. మనం మాట్లాడుతుండగా అది "చ్చ్" అంటే, పెద్దవాళ్ళు వేలితో నేల మీద తట్టి, "అదిగో, నిజం" అంటారు.

తన నిజం మాత్రం అది ఇంకా చెప్పలేకపోతోంది.