రాజుగారి నోట్లో కాపురం

ఒక రాజుకి చిగుళ్ళు వాచాయి. మెత్తటి జామపండు కొరికినా నెత్తురు కనిపించేది.

ఆ రాజు మహా మాటకారి, మంచి భోజనప్రియుడు. అలాంటివాడు ఇప్పుడు సభలో నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. పళ్ళు కదులుతున్నాయని లోలోపల బెంగ.

"కంటికి కనిపించని పురుగులు చేరి ఉంటాయి ప్రభూ. ఒక్కటి కూడా మిగలకుండా చంపేద్దాం," అన్నాడు సేనాపతి. ఏ జబ్బుకైనా ఆయనకి తెలిసిన మందు అదొక్కటే.

రాజు పూటపూటకీ ఘాటు కషాయం పుక్కిలించాడు. నాలుక మండింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కొన్నాళ్ళు నయమైనట్టే ఉండేది. ఆ తర్వాత వాపు ఇంకా పెద్దదై తిరిగొచ్చేది.

చివరికి వైద్యురాలు సువర్చలను పిలిపించారు. ఆమె రాజు నోరంతా చూసి ఒక చిన్న భరిణె ఇచ్చింది.

"ఈ ముద్దతో పళ్ళు తోముకోండి. ఇందులో ప్రాణమున్న సూక్ష్మజీవులున్నాయి."

రాజు ఉలిక్కిపడ్డాడు. "ఉన్నవాళ్ళతోనే వేగలేక చస్తుంటే కొత్తవాళ్ళని కూడా దింపుతావా అమ్మా?"

"వీళ్ళు బుద్ధిగా కాపురం చేసుకునేవాళ్ళు ప్రభూ. మీ నోట్లో ఇలాంటివాళ్ళు ఎప్పుడూ ఉండేవాళ్ళే. మీ కషాయం దొంగలతోపాటు వాళ్ళనీ తరిమేసింది. ఖాళీ కొంపల్లోకి ముందుగా దూరేది ఎవరంటారు?"

సేనాపతి మీసం దువ్వుకుంటూ అటు తిరిగాడు.

"మరి నయమవుతుందా?" అన్నాడు రాజు.

"ఆ కషాయం మానేసి, రోజూ శ్రద్ధగా తోముకుంటూ, వాళ్ళు కుదురుకునేదాకా ఓపిక పట్టాలి. పొద్దున తోముకుని సాయంత్రమే అద్దం చూసుకోకండి."

రాజు కళ్ళు గట్టిగా మూసుకుని, చేదు మందు మింగబోయే పసివాడిలా నోరు తెరిచాడు. ముద్ద పుల్లపుల్లగా ఉంది. సాయంత్రం అద్దం చూసుకోనే చూసుకున్నాడు. వెనకనుంచి రాణి పకపకా నవ్వింది.

వానలు వెలిసేసరికి చిగుళ్ళు లేతగులాబీ రంగుకి తిరిగాయి. ఒకనాడు భోజనమయ్యాక రాజు చెరకు ముక్క నమిలి, పిప్పిని పరీక్షగా చూశాడు. తెల్లగా ఉంది. ఆయన వేసిన కేకకి వంటవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు.

వాళ్ళ వెనకే సేనాపతి వచ్చాడు. "ప్రభూ, వరదలో ఊరు కొట్టుకుపోయినవాళ్ళట, పిల్లాపాపలతో కోట తలుపు దగ్గర నిలబడ్డారు. ఎప్పటిలాగే తరిమేయమంటారా?"

రాజు నాలుకతో చిగుళ్ళు ఒకసారి తడుముకున్నాడు.

"తలుపు తియ్యి," అన్నాడు. "వాళ్ళకి ఏయే పనులు వచ్చో అడుగు. ఊళ్ళో ఖాళీ ఇళ్ళు ఎక్కడున్నాయో నేను చూసొస్తాను."